అంకె నీది, మాట నాది

మొన్న ఆదివారం టీవీలో క్రికెట్ చూస్తుంటే కామెంటరీ చెప్పే ఇద్దరిలో ఒకాయనకు కోపం వచ్చింది. పక్కాయన ఏదో వేళాకోళంగా అన్నాడు. ఈయన చెవులకు తగిలించుకున్నవి తీసి బల్ల మీద పడేసిన చప్పుడు మా హాల్లోకి వినిపించింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. నేను గోడ గడియారం చూశాను. పదకొండు సెకన్లు.

"చూడు అవ్వా, రేపు అందరూ కలిసి ఈయన్ని ఉతికేస్తారు," అంది మా మనవరాలు. "అయినా వచ్చే నెల మళ్ళీ ఈయన్నే పిలుస్తారు. టాలెంటు ఉంటే కోపాన్ని భరిస్తారు."

"అందరిదీ భరించరు," అన్నాను.

"ఎవరిది భరించలేదు?"

అప్పుడు చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే లెక్క సరిగ్గా చెప్పాలి. అందుకు అప్పటి నా స్కోరు పుస్తకం కావాలి. పుస్తకం అటక మీద ట్రంకు పెట్టెలో ఉంది. సోమవారం దించించాను. నా చేతిరాతే. పెన్సిలు కొంచెం వెలిసిపోయింది, అంకెలు మాత్రం చదవడానికి వస్తున్నాయి.

ఆయన పేరు రాయను. రాస్తే, మద్రాసు చూలైలో ఆయనకు అతుక్కున్న మాట కూడా పేరుతోపాటు లేచి వస్తుంది. ఆ మాట ఏమిటో ముందుకు వెళ్ళాక మీకే తెలుస్తుంది.

చూలైలో మా ఇల్లు సరిగ్గా రోడ్డు మీదే ఉండేది. కింద ముందుగదిలో మా చిన్నాయన సౌండ్ సర్వీసు షాపు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైక్ సెట్లు అద్దెకిచ్చేవాడు. టెస్టు మ్యాచ్ ఉన్న రోజుల్లో మిద్దె మీద రెండు స్పీకరు గొట్టాలు కట్టి వీధికి కామెంటరీ వినిపించేవాడు. షాపు పేరు నలుగురి నోళ్ళలో పడుతుందని ఆశ. కానీ రేడియోలో వచ్చేది ఇంగ్లీషు. మా వీధిలో నిలబడేది రేకు డబ్బాల వర్క్‌షాపుల వాళ్ళు, ప్రెస్సు కార్మికులు, తోపుడు బండ్ల వాళ్ళు. అందుకని ఆయన.

అరుగు మీద నిలబడి, కిటికీలో పెట్టిన రేడియోకి కుడిచెవి ఆనించి, ఎడమచేత్తో మైకు పట్టుకుని, ఇంగ్లీషులో విన్నదాన్ని అక్కడికక్కడే తెలుగులో, నడుమ నడుమ అరవంలో, వీధికి చెప్పేవాడు. రేడియో గొంతు బాగా తగ్గించి పెట్టేవాళ్ళు. రెండు గొంతులు కలిస్తే మైకు కీచుమంటుంది.

కిటికీకి ఇవతల, ఇంట్లో, నేను. పదిహేడేళ్ళు. బడి చదువు ముగిసి ఇంట్లో ఉన్నాను. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. ఆ పోయిన రెండు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పటికీ చెప్పగలను. కిటికీ పక్కన బయటిగోడకి చెక్కబోర్డు, దానికి మేకులు. టీము స్కోరు, వికెట్లు, ఆడుతున్న ఇద్దరి స్కోర్లు తెల్లరంగుతో రాసిన రేకుల మీద ఉండేవి. ఊచల మధ్యనుంచి చెయ్యి చాపి రేకులు మార్చడం నా పని. పెళ్ళికావాల్సిన పిల్ల వీధికి కనపడకూడదని మా నాయనమ్మ షరతు. అందుకని వీధికి నా మొహం తెలియదు. గొంతు తెలియదు. చెయ్యి మాత్రం తెలుసు. నన్ను 'గాజుల చెయ్యి' అనేవాళ్ళు.

రేడియో చెప్పేదీ ఆయన చెప్పేదీ, రెండూ వినేది ఆ వీధి మొత్తానికి నేనొక్కదాన్నే.

మొదలుపెట్టే ముందు ఆయన మైకుని మూడుసార్లు వేలితో కొట్టి, "చివర సోడా బండీ, వినపడతాందా?" అనేవాడు. సోడా బండి అతను సీసా మీద ఓపెనర్‌తో టింగుమని కొట్టాలి. కొట్టకపోతే మొదలుపెట్టడు. బుగ్గన పటికబెల్లం ముక్క. మెడలో తువ్వాలు. వికెట్ పడితే ఆ తువ్వాలు తీసి దులిపేవాడు, దుమ్ము పడినట్టు.

మాటలు ఎక్కడినుంచి వచ్చేవో. క్యాచ్ వదిలేసిన ఫీల్డరుని, "ఆ చేతుల్తో అన్నమెట్లా తింటావు నాయనా, కారిపోదా?" అనేవాడు. గంటసేపు ఒక్క పరుగూ చెయ్యని ఆటగాడి గురించి, "ఈయన నిలబడింది చూస్తే బ్యాటుతో వచ్చినట్టు లేదు, రేషన్ కార్డుతో వచ్చినట్టుండాది." రేడియోలో ఇంగ్లీషాయన భోజనాల సంగతి చెబుతూ ఉంటే, "దొర ఇంకా సాంబారు కాడనే ఉండాడు, రసానికి వచ్చినాక చెప్తా" అని మైకు దించేవాడు. మైదానంలో పిచ్చుక వాలిందనేవాడు. కెప్టెన్ రుమాలు పచ్చదనేవాడు. అవేవీ రేడియోలో లేవు. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకునేదాన్ని.

అదంతా ఒకవైపు. ఇంకోవైపు, కామెంటరీ చెబుతుండగా ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు. మైకు అరుగు మీద పడేసి ఎదురు టీ కొట్టుకి వెళ్ళిపోయేవాడు. జనం బతిమాలాలి. "అన్నా, రా అన్నా, వికెట్ పడిపోతుంది" అంటే, "పడనీ. పడినప్పుడు మీరే ఎత్తుకోండి" అనేవాడు. ఒకసారి గుంపు మధ్యలోంచి బెల్లు కొట్టుకుంటూ రిక్షాలో వచ్చిన బట్టల షాపు షావుకారుని మైకులో ఏడు నిమిషాలు తిట్టాడు. పుస్తకంలో ఉంది: ఏడు నిమిషాలు, రెండు ఓవర్లు పోయాయి. వాషర్‌మెన్‌పేట నుంచి నడిచి వచ్చేవాళ్ళలో సగంమంది స్కోరు కోసం వచ్చేవాళ్ళు కాదు, ఆ రోజు ఎవరికి పడుతుందో చూద్దామని వచ్చేవాళ్ళు. "వాడి నాలిక మీద సరస్వతీ శనీ పక్కపక్కనే కూర్చున్నారు" అనేది నాయనమ్మ. తిట్టిన మర్నాడు తిట్లు తిన్నవాడికి ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. సపోటాపండు, బీడీకట్ట. క్షమించమని మాత్రం అనేవాడు కాదు.

నాతో ఒక్కసారే గొడవయింది. మొదటి సీజన్లో. ఆయన ముప్పై ఆరుకి అరవై మూడు అన్నాడు. నేను ముప్పై ఆరు రేకు పెట్టాను. వీధి పకపకా నవ్వింది. ఆయన మొహం కందిపోయింది. తర్వాత రేడియోకి చెవి ఆనించి, ఇంగ్లీషాయన స్కోరు మళ్ళీ చెప్పేదాకా ఆగి, మైకులో అన్నాడు:

"అందరూ వినండప్పా. ఈ పొద్దునుంచి అంకె పాపది, మాట నాది. నా నోరు ఏమన్నా చెప్పనీ, పాప చెయ్యి పెట్టిందే లెక్క."

అప్పటినుంచి అదే పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉండేది. రేడియో మూగపోతే నేను టీము స్కోరు రేకుని వెనక్కి తిప్పేదాన్ని, ఉత్త రేకు కనపడేలా. ఆయన, "రేడియో అలిగింది, టీ తాగి రాండి" అనేవాడు. మళ్ళీ మాట వచ్చాక రేకు ముందుకి తిప్పేదాన్ని. పిచ్చుకలు ఎన్నైనా వాలనీ, పరుగు మాత్రం రేడియో చెప్పనిది ఆయన నోట రాలేదు.

అంకె దగ్గర ఆయనకు ఎందుకంత పట్టింపో చిన్నాయన చెప్పాడు. ఆయన అసలు పని జార్జి టౌన్లో ఏలంపాట అరవడం. సామాను చూపించి, జనం పాడిన పాటని గట్టిగా అరిచి, ఒకటోసారి రెండోసారి అనేవాడు. ఒక పెద్ద ఏలం కంపెనీలో పదేళ్ళు చేశాడు. ఒకరోజు నిండు సభలో సుత్తి ఎత్తి ఆగిపోయాడట. "రెండోసారి అనను. ఆ స్తంభం వెనకాలనుంచి పాడేది మన ఓనరు మనిషి. ఇది దొంగపాట" అన్నాడట. సాయంత్రానికి పని పోయింది. తర్వాత ఏ పెద్ద కంపెనీ వాళ్ళూ రానివ్వలేదు. నోటిదురుసు మనిషి, కొట్లాటకోరు అని పేరు పెట్టారు. చిన్నచిన్న చోట్ల పిలిచినప్పుడు వెళ్ళి అరిచేవాడు.

"నిజం చెప్పినందుకు కదా చిన్నాయనా పంపించారు?" అన్నాను.

"నిజం చెప్పినందుకని ఎవరు చెప్పుకుంటారు లేమ్మా? కొట్లాడినాడని చెప్పుకుంటారు. అది చెప్పుకునేదానికి బాగుంటుంది."

పంతొమ్మిది వందల యాభై అయిదు చివర్లో ఒక టెస్టు. ఆట ఎక్కడో ఉత్తరాదిన. మ్యాచ్ రెండోరోజు పొద్దున ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పటికబెల్లం బుగ్గన పెట్టుకోవడం మరిచిపోయాడు.

"పాపా, ఈ పొద్దు రేడియో ఆఫీసునుంచి ఒకాయన వస్తాండాడు. నన్ను వినేదానికి. తెలుగులో ఆటలు చెప్పేవాళ్ళు కావాలంట వాళ్ళకి. నచ్చితే గ్రౌండులో కూర్చోబెడతారు."

"మంచిదే కదన్నా."

"నా వయసు ముప్పై ఎనిమిది. ఒక్క మ్యాచ్ కూడా చూడలే, తెలుసునా? నాలుగేండ్లుగా చెవితో చూస్తాండా. ఒక్కసారి కండ్లతో చూసి చెప్పాల." అని తువ్వాలు సర్దుకుని, "కోపం రాకుండా చూసుకోవాల. అంతే. ఈ ఒక్క దినం" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియో ఆఫీసు ఆయన వచ్చాడు. గొడుగు, కళ్ళద్దాలు. ఎదురు టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనెవరో మా ముగ్గురికీ తప్ప వీధికి తెలియదు. ఆ రోజు గుంపు కూడా ఎక్కువే. మన బ్యాట్స్‌మన్ ఒకాయన, వీధి పొట్టాయనని పిలుచుకునేవాళ్ళు, యాభైకి దగ్గరపడుతున్నాడు.

రెండు ఇరవై మూడుకి, ఇంగ్లీషాయన ఒక మాట మధ్యలో ఉండగా, రేడియో ముందువైపు వెలిగే పచ్చకన్ను దీపం సన్నబడింది. ఆరిపోయింది.

బోర్డు మీద నూట ఎనభై ఏడు, నాలుగు వికెట్లు. పొట్టాయన నలభై ఆరు. రెండో ఆయన పన్నెండు.

చిన్నాయన పరుగున వచ్చి రేడియో వెనక అట్ట విప్పాడు. "వాల్వు" అని పెదవులు కదిలించాడు. నేను స్కోరు రేకు తిప్పడానికి చెయ్యి చాపాను. ఆయన ఎడమ మోచేత్తో నా వేళ్ళని మెల్లిగా వెనక్కి నెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. చెవి ఇంకా చచ్చిన రేడియోకే ఆనించి ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు జరిగిన మొదటి తప్పు ఆయనది కాదు, నాది. రేకు తిప్పి ఉంటే జనం టీ తాగి వచ్చేవాళ్ళు. కానీ ఆయన గ్రౌండులో కూర్చోవాలని నాకూ ఉంది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మామూలుగా కంటే నెమ్మదిగా. బౌలరు బూటు లేసు కట్టుకున్నాడు. ఇంకో ఫీల్డరుని ఆ మూలనుంచి ఈ మూలకి పంపించారు, వాడు మధ్యలో టోపీ మరిచిపోయి వెనక్కి వచ్చాడు. బంతి వేశాడు, పొట్టాయన ఆపాడు. బంతి వేశాడు, వదిలేశాడు. అంపైరు నీడ వికెట్లమీద పడుతోందని బౌలరు ఫిర్యాదు. ఒక్క పరుగూ చెప్పలేదు. వీధి నోరు తెరుచుకుని వింటోంది. బెంచీ మీద ఆయన గొడుగు మీద గడ్డం ఆనించి, చిన్నగా నవ్వుతున్నాడు. అరుగు మీద ఆయన అంత బాగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

రెండు ఇరవై ఎనిమిది. రెండు ఓవర్లు, పన్నెండు బంతులు, పరుగు లేదు. చిన్నాయన గాజుబుడ్డిలాంటి ఒక వాల్వు తీసి దాని పిన్నులు తుడిచి పెట్టాడు. పచ్చకన్ను రాలేదు. ఇంకోటి తీశాడు.

"ఏంపా, ఆడ అందరూ నిద్దరపోయినారా?" అన్నారెవరో.

ఆయన విననట్టే మూడో ఓవరు మొదలుపెట్టాడు.

"ఫిఫ్టీ ఎప్పుడన్నా? మా బండి కదలాల."

"కదలరాదా, పొట్టాయనేమన్నా నీ బండెక్కుతాడా?" అన్నాడాయన. నవ్వులు. బెంచీ మీదాయన కూడా నవ్వాడు. మైకు పట్టుకున్న ఆయన మెడమీద నరం మాత్రం కదులుతోంది. నాకది తెలుసు. షావుకారు రోజున కూడా అది అలాగే కదిలింది.

అప్పుడు సోడా బండి వైపునుంచి ఒక గొంతు, తాపీగా: "రేడియో చచ్చిపోయినట్టుండాదిరా. ఈయన ఊరికే వాగతా ఉండాడు."

"ఎవడ్రా అన్నది?"

మైకులో ఆ మాట గొట్టాల్లోంచి వీధి చివరిదాకా కొట్టింది. బెంచీ మీదాయన గడ్డం గొడుగు మీదనుంచి లేచింది.

"చచ్చిపోయిందా? చచ్చిపోయిందంట! అయితే విను. బౌలరు వస్తాండాడు. ఎగిరినాడు. ఏసినాడు. పొట్టాయన ఒక అడుగు ముందుకు, అంతే, ఒక్క అడుగు. తోసినాడా? లేదప్పా, పోయిరా తల్లీ అని సాగనంపినాడు! బంతి గడ్డికి చెప్పి పోతాంది, ఇద్దరు వెనకాల పడినారు, పట్టుకోలేరు, పట్టుకోలేరు. ఫోర్! నలభై ఆరూ నాలుగూ యాభై!"

వీధి పేలిపోయింది. ఎవరో తువ్వాలు పైకి విసిరారు. రేకు డబ్బాల వర్క్‌షాపులో సుత్తులతో డబ్బాలు మోగించారు. తర్వాత ఆ తలలన్నీ కిటికీవైపు తిరిగాయి, నా చెయ్యి కోసం.

యాభై రేకు నా ఒళ్ళో ఉంది. పొద్దుటినుంచి పక్కన పెట్టుకున్నదే.

చెయ్యి లేవలేదు.

"పాపా, యాభై," అన్నాడు మైకులో.

"గాజుల చెయ్యీ! రేకు పెట్టు!" అని అరిచారు. మళ్ళీ అరిచారు. నేను గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ కూర్చున్నాను. ఇరవై సెకన్లు. ముప్పై. డబ్బాల మోత ఒక్కొక్కటిగా ఆగింది.

ఆయన అరచేత్తో మైకు మూసి, ఊచల దగ్గరికి వంగాడు. చెమట చొక్కా కాలరుదాకా దిగింది.

"పాపా. ఈ ఒక్కసారి."

"రేడియో చెప్పలేదన్నా."

మైకుని అరచేత్తో మూస్తే మూసుకుపోదు. మైకుల షాపు ఇంటిపిల్లని, ఆ సంగతి నాకు తెలిసి ఉండాలి. ఆయనకూ తెలిసి ఉండాలి. నా గొంతు, ఆ వీధి ఎప్పుడూ వినని గొంతు, రెండు గొట్టాల్లోంచి బయటికి వచ్చింది. రేడియో చెప్పలేదన్నా. నాకే ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టుంది.

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థంకాలేదు. తర్వాత అర్థమైంది.

"అడ! అంతా కతేనా?"

"పదినిమిషాలనుంచి మనల్ని గాడిదల్ని చేసినాడురా!"

సోడా బండి దగ్గర గొంతు మళ్ళీ వచ్చింది, ఇప్పుడు ధైర్యంగా. "ఏలంపాట మనిషి గదా! దొంగపాట పాడినాడు!"

దొంగపాట. ఆ మాట పట్టుకుని వీధంతా అరిచింది. తిట్లు తిన్నవాళ్ళందరూ ఉన్నారు అక్కడ, సపోటాపండ్లు తీసుకున్నవాళ్ళు కూడా. ఆయన ఏదైనా విసురుతాడని, ఎవరినో కొడతాడని చిన్నాయన వాల్వు చేతిలో పట్టుకునే వాకిట్లోకి వచ్చాడు. ఆయన విసరలేదు. నావైపు చూశాడు. మైకు ఎత్తి, "చెయ్యి రైటు" అన్నాడు. రెండే మాటలు. మైకుని అరుగు మీద పెట్టాడు. ఎప్పుడూ పడేసేవాడు, ఆ రోజు పెట్టాడు. అరుగు దిగి, జనంలోంచే నడిచి వెళ్ళిపోయాడు. బెంచీ ఖాళీ. గొడుగాయన ఎప్పుడు లేచాడో నేను చూడలేదు.

రెండు ముప్పై నాలుగుకి పచ్చకన్ను వెలిగింది. గొంతు తగ్గించేవాళ్ళు లేక ఇంగ్లీషు గట్టిగానే వచ్చింది. నూట తొంభై ఆరు, నాలుగు వికెట్లు. రెండో ఆయన పద్నాలుగు. పొట్టాయన యాభై మూడు, అందులో ఏడు ఫోర్లు.

రేకులు మార్చాను. తర్వాత పుస్తకం చూసుకున్నాను. రేడియో ఆగేసరికి పొట్టాయన ఫోర్లు నా లెక్కలో ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. ఇప్పుడు ఏడు. అంటే ఆ పదకొండు నిమిషాల్లో పొట్టాయన ఒక ఫోర్ కొట్టాడు. ఒక్కటే కొట్టాడు. ఎప్పుడు కొట్టాడో, ఎటు కొట్టాడో తెలియదు. కొట్టాడు.

అప్పటికి రెండు ముప్పై అయిదు. వీధిలో ఇంకా వందమంది దాకా ఉన్నారు. మైకు అరుగు మీద ఉంది, ఇంకా పనిచేస్తూనే ఉంది. ఊచల్లోంచి చెయ్యి చాపితే అందేంత దూరం.

ఫోర్లకి మా బోర్డు మీద మేకు లేదు. అదే నాకు నేను చెప్పుకున్నాను. నేను మైకుకి చెయ్యి చాపలేదు.

ఆ సాయంత్రంనుంచి నాకు పేరొచ్చింది. గాజుల చెయ్యి అబద్ధం చెప్పదు. ఎవరి నోట విన్నా అదే. పక్కవీధి బడి హెడ్‌మిస్ట్రెస్ చిన్నాయన దగ్గరికి వచ్చి, ఆ పిల్లని చిన్నతరగతుల లెక్కలకి పంపండి అని అడిగింది. ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను ఆ బడిలో. ఆయనకూ పేరొచ్చింది. దొంగపాట కామెంటరీ. చూలైలో పిల్లలు గచ్చకాయలాటలో తొండి చేస్తే కూడా ఆయన పేరు పెట్టి వెక్కిరించేవాళ్ళు. అరుగు మీదికి ఆయన మళ్ళీ రాలేదు. కబురుచేస్తే, "అంకె పెట్టే చెయ్యి ఉండాది కదా, చాలు" అని చెప్పి పంపాడు.

యాభై తొమ్మిదిలో, ఆగస్టు నెల, బడికి సుద్దముక్కల పెట్టెలు కొనడానికి జార్జి టౌన్ వెళ్ళాను. ఒక సందులో ఆ గొంతు వినపడింది. హార్బరులో తడిసిపోయిన గొడుగుల ఏలం. చుట్టూ పదిహేనుమంది ఉంటారు. "ఈ గొడుగుకి ఒకే ఒక లోపం నాయనా, వానలో తడిసింది. గొడుగు వానలో తడవకుంటే మీ మామగారు తడుస్తాడా?" జుట్టు నెరిసింది. తువ్వాలు అదే రకం.

అయిపోయేదాకా నిలబడ్డాను. నన్ను చూసి ఎవరో కొనేమనిషి అనుకున్నాడు. మొహం ఆయన కూడా సరిగా చూసింది లేదు కదా, ఊచలవెనక ఉండేదాన్ని. నేను చెయ్యి చాపి, గాజులు కదిలించాను.

"పాపా!" అన్నాడు.

టీ తెప్పించాడు. బడి సంగతి అడిగాడు. నేను మాట పొడిగించకుండా చెప్పేశాను. "అన్నా, ఆ రోజు రేడియో ఆగినప్పుడు పొట్టాయన ఫోర్లు ఆరు. వచ్చాక ఏడు. మీరు చెప్పిన ఫోర్ నిజంగానే ఉంది."

"తెలుసు."

"ఎట్లా?"

"వీధి మలుపులో అయ్యరు హోటల్ రేడియో ఉండె కదా. పోతా పోతా విన్నా. ఏడు అన్నాడు. ఆరు నేనూ ఎంచుకుంటానే ఉంటిని."

"మరి వెనక్కి వచ్చి చెప్పలేదేం? అందరూ అక్కడే ఉన్నారు."

ఆయన టీ గ్లాసు గుండ్రంగా తిప్పాడు. "ఏమని చెప్పేది? పాడనోడి పేరుతో నేను పాట అరిస్తి. వెనకాల వాడే వచ్చి అదే పాట పాడినాడు. అయితే మటుకు? నేనరిచినప్పుడు అది దొంగపాటే. నువ్వు రేకు పెట్టకపోవడమే రైటు. నాలుగేండ్లలో ఒక్కనాడు కూడా నీమీద కోపం రాలే."

నాకు కొంచెం ఊపిరి వచ్చింది. గ్రౌండుకి ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగాను.

"పోయినా, టికెట్ కొనుక్కొని. పొద్దున్నుంచి పక్కనోడికి చెప్తానే ఉండినా, బౌలరు వస్తాండాడు, ఎగిరినాడు అని. వాడు, 'నోరు మూసుకో పెద్దాయనా, మాకూ కండ్లుండాయి' అన్నాడు." నవ్వాడు. "వాడన్నదీ నిజమే. అప్పుడు కోపం రాలేదు చూడు పాపా. రావాల్సింది."

లేచాను. ఆయన కూడా లేచి, మామూలుగా, దారి చెప్పినంత మామూలుగా అడిగాడు.

"అవునూ, నువ్వెప్పుడు లెక్క తేల్చుకున్నావు, ఆ ఏడో ఫోర్?"

అబద్ధం చెప్పవచ్చు. నిన్ననే పాత పుస్తకం చూశానని చెప్పవచ్చు.

"ఆ రోజే. రెండు ముప్పై అయిదుకి."

తిడతాడనే అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. మెడమీద నరం కదలలేదు.

"మాట నాది, నేను చెడగొట్టుకుంటి," అన్నాడు. "అంకె నీదే కదా పాపా. పెట్టలేదే."

ఇంకో ఏలానికి పిలుపు వచ్చింది. వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగాక కూడా ఆ గొంతు వినపడుతూనే ఉంది. ఒకటోసారి. రెండోసారి.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఏ రోజు పోయాడో నాకు తెలియదు. నా దగ్గర లేని తేదీల్లో అదొకటి. రేకుల్ని మా తమ్ముడు షాపు మూసినప్పుడు పాతసామానుకి వేశాడు. మిగిలింది ఈ పుస్తకం. ఆ రోజు పేజీలో రెండు ఇరవై మూడుకీ రెండు ముప్పై నాలుగుకీ మధ్య జాగా అలాగే వదిలేసి ఉంది.

సోమవారం అక్కడ రాశాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, చూలై వాళ్ళెవరైనా మిగిలి ఉంటే చూసుకుంటారని. పొట్టాయన, ఆ పూట, యాభై మూడు పరుగులకి, ఫోర్లు ఏడు. ఆరు నేను రేడియోలో విన్నవి. ఒకటి ఆయన చెప్పింది.